మతిమరుపు వచ్చిన రోగికి తెర ఎవరి కోసం? మానవ గౌరవంపై క్రైస్తవ విశ్వాసం, నర్సింగ్ సేవ

వశిష్ఠ గట్టు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. పాలకొల్లు దగ్గర ఒక నర్సింగ్ కళాశాలలో నేను పాఠాలు చెబుతుంటాను. వృత్తి నీతి పాఠంలో రోగి గౌరవం గురించి చెబుతున్నప్పుడు రెండో సంవత్సరం విద్యార్థిని ఒకామె లేచి, "మేడమ్, కడుపున పుట్టిన పిల్లలనే గుర్తుపట్టలేని ముసలమ్మకు ఒళ్లు తుడిచేటప్పుడు తెర అడ్డం పెట్టామో లేదో తెలియదు కదా, మరి ఆ తెర ఎవరి కోసం?" అని అడిగింది. తోటి పిల్లలు నవ్వారు గాని, అది నవ్వి వదిలేయదగిన ప్రశ్న అని నాకు అనిపించలేదు. గౌరవమంటే రోగి మనసులో కలిగే అనుభూతి మాత్రమే అయితే, ఆ అనుభూతి లేనిచోట గౌరవించవలసిన బాధ్యత కూడా లేదని ఒప్పుకోవలసి వస్తుంది.

నేను క్రైస్తవ విశ్వాసిని కనుక నా జవాబు బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండము 1:27 దగ్గర మొదలవుతుంది: "దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను." ప్రాచీన ఐగుప్తులోను, మెసొపొటేమియాలోను దేవుని ప్రతిరూపమన్న బిరుదు రాజులకు చెల్లేది. ఆదికాండము దానిని స్త్రీపురుషులందరికీ, కూలివానికీ బానిసకూ కూడా ఇచ్చింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. మనిషి పాపంలో పడి, జలప్రళయం కూడా గడిచిపోయిన తరువాత, 9:6లో నరహత్యను నిషేధించడానికి మళ్లీ ఈ స్వరూపాన్నే కారణంగా చూపించారు. యాకోబు పత్రిక 3:9 సైతం దేవుని పోలికగా పుట్టిన మనుషులను శపించడం తగదంటుంది. బుద్ధిని చూసో, బలాన్ని చూసో, సత్ప్రవర్తనను చూసో ఇచ్చిన హోదా అయితే అవి పోయిననాడు హోదా కూడా పోవాలి. అలా పోలేదని గ్రంథం చెబుతున్నది.

ఇంతవరకు వేదాంతం. ఇది మంచం పక్కకు వచ్చేసరికి ఎలా ఉంటుందో, ఎక్కడ తడబడుతుందో అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను. ఇతర మతాలవారి అభిప్రాయాలు కూడా కావాలి, ఎందుకంటే నా తరగతిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు.

రాత్రి డ్యూటీ

మేడమ్ గారూ, నేను కాకినాడ వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మీ విద్యార్థిని అడిగిన దానికి నాకు తెలిసిన జవాబు ఒళ్లు తుడిచే క్రమంలోనే ఉంది. ముందుగా దుప్పటి కప్పి, ఆ దుప్పటి కిందనుంచి బట్టలు తీస్తాము. సబ్బు లేని గోరువెచ్చని నీటితో కళ్లు లోపలి కొసనుంచి బయటికి తుడుస్తాము, ఒక కంటికి వాడిన గుడ్డ మూలను రెండో కంటికి వాడము. తరువాత ముఖం, చేతులు, ఛాతీ, కాళ్లు. ఏ భాగం తుడుస్తున్నామో ఆ ఒక్క భాగం మీదనే దుప్పటి తీసి, తడి ఒత్తి, మళ్లీ కప్పుతాము. మర్మాంగాలకు నీళ్లు మార్చి చివరన తుడుస్తాము. రోగికి చెయ్యి ఆడుతుంటే గుడ్డ ఆయన చేతికే ఇస్తాము. వీపు వైపు తిప్పినప్పుడు నడుము కింద, మడమల దగ్గర ఎరుపు ఉందేమో వేలితో నొక్కి చూస్తాము. స్పృహ లేని మనిషికైనా "తాతగారూ, ఎడమ చెయ్యి ఎత్తుతున్నానండీ" అని చెప్పే ఎత్తుతాము, ఎందుకంటే కదలలేనివారికి చెవులు పని చేస్తుండవచ్చు. ఈ పద్ధతిలో సగం సూక్ష్మక్రిముల గురించి, మిగిలిన సగం మీరు చెప్పిన స్వరూపం గురించి.

అయితే ఒక మాట కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం జనరల్ వార్డులో బోధనాసుపత్రి అయితే 3 మంది రోగులకు, ఇతర ఆసుపత్రి అయితే 5 మందికి ఒక నర్సు ఉండాలి. రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్కరినే నిలబెట్టి, మడత తెర విరిగితే కొత్తది ఇవ్వకుండా, ఇద్దరు అటెండెంట్ల చేత దుప్పటి పట్టించి తెర చేసుకునే స్థితి కల్పించి, ఆపైన దేవుని స్వరూపం గురించి మాకు తరగతులు చెబితే వినబుద్ధి కాదు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పడక పుండు పడుతుందని మాకు తెలుసు. తిప్పడానికి మనిషి లేనప్పుడు ఆ రోగి గౌరవాన్ని పోగొట్టినది నర్సు ఒక్కతే కాదు, నర్సులను నియమించనివారు కూడా. నర్సు కూడా ఆ స్వరూపంలోనే పుట్టిందని మీ పాఠంలో ఎక్కడైనా ఉన్నదా అండీ?

గన్నవరం మాస్టారు

అమ్మా, ఇద్దరి మాటలూ బాగున్నాయి. నేను తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని, హిందువును. నాకు రెండు సందేహాలున్నాయి.

మొదటిది: మనిషి గౌరవం ఒక మతం ఆస్తి అన్నట్టుగా చర్చ సాగకూడదు. మా లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చిన బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. ఆమె ఏ కులమని అడగలేదని మా పెద్దలు చెప్పగా విన్నాము. అన్నిటిలోను ఆత్మ ఒక్కటే అన్న మాట ఆమెకు చాలింది.

రెండవది మరింత సున్నితమైనది. మంచం మీద పడి ఉన్నవాడు మొహమాటానికి లోబడతాడు. సేవ చేసిన చేయి ప్రార్థనకు పిలిస్తే కాదనలేడు. మానవ గౌరవమన్న పేరుతో మత ప్రచారానికి తలుపు తెరుస్తున్నామా అన్న అనుమానం మా ఊళ్లలో చాలామందికి ఉన్నది, బయటికి అనరు గాని.

అత్తిలి సిస్టరు

మాస్టారూ, మీ రెండో సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే కన్యాస్త్రీగా, నర్సుగా నన్ను సూటిగా తాకేది అదే.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం అందరికీ తెలిసినదే గాని, నర్సు చదవవలసిన పద్ధతి ఒకటి ఉన్నది. దొంగలు ఆ మనిషి బట్టలు దోచుకొని, కొట్టి, "కొరప్రాణముతో" విడిచిపోయారు. ఒంటి మీద బట్ట లేదు కనుక కట్టును బట్టి జాతి తెలియదు, మాట్లాడే స్థితి లేదు కనుక యాసను బట్టి ఊరు తెలియదు. దారిన వచ్చినవానికి కనిపించినది గాయాలతో ఉన్న ఒక మనిషి మాత్రమే. యూదులకు పొసగని సమరయ జాతివాడొకడు నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, సత్రంలో రాత్రంతా కనిపెట్టుకొని, తెల్లవారి సత్రపువానికి రెండు దేనారములు (వెండి నాణేలు) ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఈ కథలో ప్రథమ చికిత్స, రవాణా, రాత్రి కాపలా, తరువాతి సంరక్షణకు ఏర్పాటు అన్నీ ఉన్నాయి. తన మతం గురించి ఒక్క మాట మాట్లాడిన దాఖలా మాత్రం లేదు. మత్తయి 25వ అధ్యాయంలో కూడా "రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి" అని అంత్య తీర్పు వేళ రాజైన క్రీస్తు అన్నప్పుడు, ఎప్పుడు చూశామని నీతిమంతులు ఆశ్చర్యపోతారు. వారు ప్రతిఫలం లెక్క వేసుకుని సేవ చేయలేదన్నమాట.

కాబట్టి రోగిని నా మతంలోకి తెచ్చే ఉద్దేశంతో ఒళ్లు తుడిస్తే, ఆ మనిషిని నేను ఒక పనికి సాధనంగా వాడుకున్నట్టు అవుతుంది, నేను నమ్మిన సిద్ధాంతాన్ని నేనే కాలదన్నినట్టు అవుతుంది. రోగి అడిగితే ప్రార్థన చేస్తాను; పూజారిగారినో ఇమాముగారినో పిలవమంటే వారిని పిలుస్తాను. ఇది ఈనాటి కొత్త ఉదారత కూడా కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లోని రోగిష్టి మహిళల ఆశ్రమ బాధ్యత తీసుకున్నప్పుడు, కతోలికులనూ యూదులనూ కూడా చేర్చుకోవాలని, వారి వారి గురువులను లోపలికి రానివ్వాలని పట్టుబట్టి ఒప్పించింది.

మొదటి సందేహం విషయంలో మీతో నాకు పేచీ లేదు. సీతమ్మగారి దగ్గర ఆ గౌరవం కనిపించడం మా నమ్మకానికి విరుద్ధం కాదు. దేవుని స్వరూపం మనుషులందరిలోనూ ఉంటే, దానిని గుర్తించే కన్ను కూడా అందరికీ ఉండాలి కదా.

ఆదుర్రు బాట

అందరి కన్నూ అంత సమానంగా ఉండలేదని చెప్పడానికి రాస్తున్నాను. మా ఆదుర్రులో పాత బౌద్ధ స్తూపం ఉన్నది. నేను అంబేడ్కర్ బాటలో బౌద్ధాన్ని అభిమానించేవాడిని. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఒక సంగతి ఉంది. విరేచనాలతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును తోటివారెవరూ పట్టించుకోకపోతే, బుద్ధుడు తన శిష్యుడు ఆనందునితో నీళ్లు తెప్పించి, తానే నీళ్లు పోయగా ఆనందుడు కడిగాడు. ఇద్దరూ కలిసి అతనిని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయండని బుద్ధుడు భిక్షువులకు చెప్పాడు. మత్తయి 25ను చదివినవారికి ఇది పరిచితంగానే అనిపిస్తుంది.

కాని మన డెల్టాలో మలమూత్రాలు ముట్టుకునే పని ఎవరి మీద పడిందో చరిత్ర చెబుతున్నది. పై కులాలవారు నర్సు ఉద్యోగాన్ని మైలపనిగా చూసిన రోజుల్లో, మిషన్ ఆసుపత్రుల్లో ఆ శిక్షణకు ముందుకు వచ్చినవారిలో మాల, మాదిగ పేటల ఆడపిల్లలు ఎందరో. మా మేనత్త ఏఎన్ఎంగా తెల్లచీర కట్టుకుని, వరదలో నాటు పడవెక్కి గోదావరి లంకల్లో పురుళ్లు పోసింది. బిడ్డను ఆమె చేతుల్లోనుంచి అందుకున్న ఇంట్లోనే ఆమెకు మంచినీళ్లు వేరే గ్లాసులో ఇచ్చేవారు. దేవుని స్వరూపమన్న బోధ ఆమెకు తలెత్తుకుని నడిచే ధైర్యం ఇచ్చిందని ఆమే చెప్పేది, దానిని నేను కాదనను. అదే బోధ చెప్పే సంఘాల్లో కులాన్ని చూసి పెళ్లిళ్లు, కులాన్ని చూసి శ్మశానాలు ఎందుకున్నాయో కూడా ఈ వేదిక మీద ఎవరైనా చెప్పాలి.

నరసాపురం పాఠకుడు

ఆదుర్రు బాట గారి చివరి ప్రశ్నను నేను దాటవేయను: అది మా సంఘాల పాపం, వేరే పేరు పెట్టడానికి వీలు లేదు. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ ఈ డెల్టాకు వచ్చి సువార్త పని మొదలుపెట్టారని మేము గర్వంగా చెప్పుకుంటాము. అంత కాలం గడిచినా శ్మశానంలో గోడ పడగొట్టలేకపోయాము.

అసలు విషయంలో ఒక చిక్కు ఉన్నది. దేవుని స్వరూపమంటే ఏమిటన్న దానిపై క్రైస్తవ పండితులందరూ ఒకే మాట మీద లేరు. ప్రాచీన వేదాంతి అగస్టీను మనిషి మనసులోని జ్ఞాపకం, గ్రహింపు, చిత్తం అనే మూడింటిలో త్రిత్వపు (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్న ఒకే దేవుని) పోలికను వెతికాడు. ఆయన అంతరార్థం లోతైనదే గాని, మతిమరుపు రోగి మంచం పక్కన నిలబడి ఆలోచిస్తే భయం వేస్తుంది: జ్ఞాపకం పోయినవాడిలో స్వరూపం కూడా అరిగిపోయినట్టేనా? ఇరవయ్యవ శతాబ్దంలో స్విట్జర్లాండ్ వేదాంతి కార్ల్ బార్త్ స్వరూపాన్ని సంబంధంలో చూశాడు. దేవుడు మనిషిని తనకు ఎదుట నిలిచి పలికే తోడుగా పిలిచాడని ఆయన భావం. నర్సింగ్‌కు నాకు ఇదే దగ్గరగా తోస్తుంది. రోగి నన్ను మరిచిపోవచ్చు, తననే మరిచిపోవచ్చు. దేవుడు అతనిని మరువలేదు గనుక ఆ సంబంధం ఒక వైపునుంచైనా నిలిచే ఉన్నది. కొలొస్సయులకు 1:15 క్రీస్తును అదృశ్య దేవుని స్వరూపి అంటుంది. ఆ స్వరూపి బట్టలు ఊడదీయబడి, గాయపడి, దాహమని అడిగి చనిపోయాడు. చెదిరిపోయిన శరీరంలో స్వరూపం ఉండదని ఆ తరువాత ఏ క్రైస్తవుడూ అనడానికి వీల్లేదు.

తొలి శతాబ్దాల క్రైస్తవులు దీనిని కుష్ఠు రోగుల విషయంలో గ్రహించారు. నాలుగవ శతాబ్దంలో నేటి టర్కీలోని కైసరయ బిషప్పు బాసిల్ ఊరి వెలుపల రోగులకు, పేదలకు పెద్ద ఆశ్రమం కట్టించాడు. ఆయన కుష్ఠు రోగులను ముద్దుపెట్టుకుని పలకరించేవాడని మిత్రుడు నజియాంజు గ్రెగరీ సంస్మరణ ప్రసంగంలో చెప్పాడు. ముఖం రూపు చెడినా వారిలో దేవుని స్వరూపం చెడలేదన్నది గ్రెగరీ వాదన. మన రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హాచ్ కుష్ఠు రోగులకు ఆశ్రమం ఏర్పాటు చేసినది కూడా ఆ నమ్మకంతోనే. మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బే అయినా, దానిని విడాకులకు కారణంగా చూపే అవకాశం మన వ్యక్తిగత చట్టాల్లో 2019 వరకు ఉన్నదంటే, ఆ పాత చూపు ఎంత మొండిదో ఊహించుకోవచ్చు.

గన్నవరం మాస్టారు

సిస్టరుగారు నైటింగేల్ పేరెత్తారు కనుక కాస్త పక్కకు పోయినా ఒక మాట చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) కట్టిన మన కాటన్ దొరతో ఆమె ఉత్తరప్రత్యుత్తరాలు జరిపింది, భారతదేశంలో నీటిపారుదల కావాలన్న ఆయన వాదాన్ని బలపరుస్తూ పత్రికలకు రాసింది. ఈ దేశంలో ఎన్నడూ అడుగు పెట్టని మనిషి కరువుతో చచ్చిపోయే రైతును తన రోగిగానే చూసింది. మంచం పక్కన సేవ ఒక్కటే చాలదు, పైనున్నవారి ఏర్పాటు కూడా కావాలన్నది ఇందులో ఉంది కనుక, రాత్రి డ్యూటీ అమ్మాయి అన్న నియామకాల సంగతి దీనికి దగ్గరగా ఉన్నదని నాకు తోచింది.

మరొకటి అడగాలి. గౌరవం ఎన్నడూ పోదంటున్నారు కదా, మరి గౌరవంగా మరణించే హక్కు అన్న దానికి మీవారేమంటారు?

అత్తిలి సిస్టరు

మాస్టారూ, ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది. 1973లో దాడికి గురై, 2015 మే 18న మరణించేవరకు ఆమె అచేతనంగా మంచం మీదనే ఉంది. సుమారు 42 ఏళ్లపాటు అక్కడి నర్సులు తరం తరువాత తరంగా ఆమెకు తినిపించి, కడిగి, తిప్పి పడుకోబెట్టారు. అన్నేళ్లలో పడక పుండు పడనివ్వలేదు. ఆహారం ఆపించాలన్న విజ్ఞప్తిని 2011లో సుప్రీంకోర్టు ఆ సిబ్బంది మాట విని తిరస్కరించింది. ఆ నర్సులలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉండి ఉంటారు. మీ సీతమ్మగారి లాగానే వారికీ ఏ మతం తరఫు వాదనా అవసరం కాలేదు.

చంపడానికి మా విశ్వాసం ఒప్పుకోదు, అయితే చావును బలవంతంగా వాయిదా వేయమని కూడా చెప్పదు. భారమే తప్ప ఫలితం లేని అసాధారణ చికిత్సను కొనసాగించడం తప్పనిసరి కాదని పోప్ పన్నెండవ పయస్ 1957లోనే మత్తు వైద్యులతో అన్నారు. మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9 తీర్పులో ముందస్తు వైద్య నిర్దేశాన్ని, అంటే చెప్పలేని స్థితి వస్తే తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని, అంగీకరించింది. ఈ రెండింటి మధ్యలో మిగిలేది నర్సు పని: నొప్పి తగ్గించడం, ఎండిన నోరు తడిపి తుడవడం, బంధువులను లోపలికి రానివ్వడం. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణాలయం) స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, ఆ తరువాతనే డాక్టరు. నొప్పి శరీరానిది మాత్రమే కాదని, మనసుకు, కుటుంబానికి, ఆత్మకు కూడా ఉంటుందని ఆమె నేర్పింది.

కువైట్ నుంచి

చదువుతున్నాను, నాదొక ఇబ్బంది చెప్పుకుంటాను. మా అమ్మ రాజోలు దగ్గర ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టింది. ఏజెన్సీ ద్వారా ఒక హోమ్ నర్సును పెట్టాము, మనిషి మంచిదే. దూరంగా ఉన్నాము కదా అని గదిలో కెమెరా పెట్టించాను. నేను, తమ్ముడు, బావ ముగ్గురమూ ఫోనులో చూస్తాము. మొన్న బావ మా చెల్లెలితో, ఒళ్లు తుడిచే వేళ కూడా కనిపిస్తున్నదని, చూడలేక ఫోను మూసేశానని అన్నాడట. కెమెరా తీసేస్తే భయం, ఉంచితే ఇదీ పరిస్థితి. ఏమి చేయమంటారు?

వశిష్ఠ గట్టు

బాబూ, మీ బావగారు ఆ మాట చెప్పడమే మంచిదయింది. అమ్మగారు మాట్లాడగలిగితే కెమెరా సంగతి ముందు ఆవిడనే అడగండి. తల ఊపగలిగినా చాలు. వివరాలు రాత్రి డ్యూటీ గారు నాకంటే బాగా చెబుతారు.

రాత్రి డ్యూటీ

అన్నయ్యగారూ, కెమెరాను మంచం మీదనుంచి తీసి గుమ్మం వైపు తిప్పించండి. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారన్నది తెలుస్తుంది. బట్టలు మార్చేటప్పుడు, కాథెటర్ దగ్గర శుభ్రం చేసేటప్పుడు ఆపేసే స్విచ్ నర్సు చేతికి అందేలా ఉండాలి. ఫోనులో చూసే అనుమతి ఒక్కరికే ఉంచండి, అది మీ చెల్లెలైతే మరీ మంచిది. కెమెరా ఉన్నదని ఆ నర్సుకు మొదటి రోజే చెప్పారో లేదో కనుక్కోండి.

ఆమె గురించి కూడా అడగాలి. రాత్రి ఎక్కడ పడుకుంటున్నది, వారానికొక సెలవు ఉన్నదా, ఆ రోజు ఎవరు చూస్తున్నారు, అన్నం మీ ఇంట్లోవారు తినే కంచంలోనే పెడుతున్నారా అన్నవి ఫోనులో తేల్చుకోండి. ఏజెన్సీవారు ఒప్పందంలో ఇవేవీ రాయరు కనుక మీరే ఒక తెల్లకాగితం మీద రాయించి ఇద్దరి సంతకాలూ పెట్టించండి. అమ్మగారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పిన వేళ, ఏ పక్కకు తిప్పారన్నది, మడమల దగ్గర చర్మం ఎలా ఉందన్నది రాయడానికి మంచం దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టించండి. సాయంత్రం వీడియో కాల్ చేసినప్పుడు ఆ పుస్తకం చూపించమని అడిగితే, కెమెరా చెప్పేదానికంటే ఎక్కువే తెలుస్తుంది.